హిరణ్యకశిపుడి వరం హీరో చేతికి ఎలా వచ్చింది?

క్లుప్తంగా: చంపడానికి వీల్లేని మనిషి తెలుగు తెరకు కొత్తవాడేం కాదు. పురాణాల్లోనూ జానపద కథల్లోనూ ఆ శక్తి ఎక్కువగా ప్రతినాయకుడిది. దానికి ఒక షరతు, ఆ షరతులో ఒక సందు ఉండేవి. స్టార్ సినిమా ఆ శక్తిని హీరోకి ఇచ్చి షరతు తీసేసింది. ‘లాజిక్ లేదు’ అని జనం నవ్వడానికి దెబ్బల లెక్క కంటే ఆ షరతు కనబడకపోవడమే పెద్ద కారణం.

పెద్ద హీరో సినిమా విడుదలైన ప్రతిసారీ ఒకటే వాదన మొదలవుతుంది. ఒంట్లో మూడు బుల్లెట్లు, వీపులో గొడ్డలి, అయినా లేచి నలభై మందిని కొట్టాడు, ఇదేం లాజిక్ అని ఒకరు. సినిమాని సినిమాలా చూడక ఈ లెక్కలెందుకని ఇంకొకరు. ఇద్దరూ ఒక సంగతి వదిలేస్తున్నారు. సాయంత్రం వేళ, గడప మీద, గోళ్లతో చీలిస్తే తప్ప చావని రాక్షసుణ్ని చూసి ఇదే ప్రేక్షకుడు ఏనాడూ లాజిక్ అడగలేదు.

తెలుగు టాకీ మొదలైందే ఆ రాక్షసుడి కథతో. హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. ఆ కథలో చంపడానికి వీల్లేనివాళ్లు ఒకరు కాదు, ఇద్దరు. తండ్రికి బ్రహ్మ ఇచ్చిన వరం ఉంది. కొడుకుని ఏనుగులతో తొక్కించినా, పాములతో కరిపించినా, కొండ మీంచి తోయించినా వాడికి ఏమీ కాదు. తేడా ఎక్కడంటే, కొడుకు ఎవర్నీ తిరిగి కొట్టడు. తండ్రి కొడతాడు, కానీ చివరికి చస్తాడు. ఇప్పటి మాస్ హీరో ఈ ఇద్దర్నీ కలిపి చేసిన మనిషి. ప్రహ్లాదుడిలా ఏ దెబ్బా అంటదు, హిరణ్యకశిపుడిలా చెయ్యి చేసుకుంటాడు. చిక్కంతా ఆ కలపడంలోనే వచ్చింది.

వరం ఒక అగ్రిమెంటు

హిరణ్యకశిపుడు ప్లీడరు పక్కన కూర్చుని రాయించుకున్నంత జాగ్రత్తగా వరం అడిగాడు. మనిషి చేత వద్దు, మృగం చేత వద్దు. పగలు వద్దు, రాత్రి వద్దు. ఇంట్లో వద్దు, బయట వద్దు. నేల మీద వద్దు, ఆకాశంలో వద్దు. ప్రాణమున్న దానితో వద్దు, లేని దానితో వద్దు. ఇన్ని రాయించుకున్నా ప్రతి రెండు మాటల మధ్యా ఒక సందు మిగిలింది. మనిషికీ మృగానికీ మధ్య నరసింహం, పగటికీ రాత్రికీ మధ్య సంధ్య, ఇంటికీ వాకిలికీ మధ్య గడప, నేలకీ నింగికీ మధ్య తొడ. ఇక గోళ్లు ప్రాణమున్నవో లేనివో ఎవరూ తేల్చి చెప్పలేరు. వరంలో ఒక్క అక్షరం తప్పలేదు, మనిషి మాత్రం మిగల్లేదు.

రావణుడిది ఇంకో రకం పొరపాటు. దేవతలు, దానవులు, యక్షులు, గంధర్వులు అందరి పేర్లూ చెప్పి, మనుషుల్ని లెక్కలోకే తీసుకోలేదు. వాళ్లు తనకి గడ్డిపోచలతో సమానం. మహిషాసురుడు ఆడదాని గురించి అలాగే అనుకున్నాడు. వీళ్ల చావు ఎక్కడుందో వీళ్ల పొగరే చూపిస్తుంది.

జరాసంధుడి సంగతి వేరు. రెండు ముక్కలుగా పుట్టి, జర అనే రాక్షసి అతికిస్తే బతికినవాడు. భీముడు రెండుగా చీల్చి పారేసినా ముక్కలు మళ్లీ అతుక్కుంటున్నాయని జనంలో చెప్పుకునే కథ. అప్పుడు కృష్ణుడు ఒక గడ్డిపోచ తీసుకుని నిలువునా చీల్చి, కుడి ముక్కని ఎడమకీ ఎడమ ముక్కని కుడికీ విసిరి చూపిస్తాడు. అంత బలవంతుడైన భీముడికి కూడా ఆ క్షణాన పనికొచ్చింది కండ కాదు, కబురు.

ఈ కథల్లో వినేవాడి ప్రశ్న ‘వీడు చస్తాడా’ అన్నది కాదు, ‘ఎలా చస్తాడు’ అన్నది. షరతు ముందే చెప్పేశారు కాబట్టి మోసం లేదు. సందు ఎక్కడుందో ఆఖరి దాకా చెప్పలేదు కాబట్టి టెన్షన్ పోదు.

ఏడు సముద్రాల అవతలి చిలక

జానపద కథ ఇదే పనిని వరం లేకుండా చేసింది. ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి దూరంగా దాచింది. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. బాలవర్ధిరాజు వెళ్లి ఆ చిలకని పట్టుకొస్తాడు. దాని రెక్క విరిస్తే ఇక్కడ ఫకీరు చెయ్యి పడిపోతుంది, కాలు విరిస్తే కాలు పడిపోతుంది, మెడ తిప్పితే కథ అయిపోతుంది. 1942లో జెమినీ వాళ్లు కాంచనమాలతో తీసిన ‘బాలనాగమ్మ’లో ఫకీరు మాయల మరాఠీగా మారాడు. ఆ వేషం వేసింది గోవిందరాజుల సుబ్బారావు.

చిలకతో కథకుడికి రెండు లాభాలు. విలన్ ఎదురుగా నిలబడి ఎంత నవ్వినా చెల్లుతుంది, ఎందుకంటే అతని ప్రాణం అక్కడ లేదు. రెండోది, హీరో కొట్లాడటం మానేసి ప్రయాణం చెయ్యాలి, ఎవర్నో నమ్మించాలి, రహస్యం రాబట్టాలి. మూడు గంటల సినిమాకి సరిపడా పని దొరుకుతుంది.

1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడు సగం సినిమాకే తోటరాముడి చేతిలో బలైపోతాడు. శిష్యుడు సదాజపుడు సంజీవనితో లేపుతాడు. బలి ఇచ్చినా లేచొచ్చిన ఆ మనిషి, చివరికి అందంగా కనిపించాలన్న మోజులో గడ్డం తీయించుకుని శక్తులు పోగొట్టుకుంటాడు. బలం గడ్డంలో ఉండటం వింతే, అయినా నవ్వుకుంటూ నమ్మేస్తాం. 2009లో ‘అరుంధతి’ అదే పాత సూత్రాన్ని భయానికి వాడింది. సజీవ సమాధి చేసిన పశుపతి ప్రేతమై తిరిగొస్తాడు, మామూలు ఆయుధాలు పనిచెయ్యవు, జేజమ్మ ఎముకలతో చేసిన ఆయుధం కావాలి. షరతు ఉంది, దాని కోసం ఒకరు తమ శరీరాన్నే ఇచ్చారు. ఆ సినిమాలో ఎవరూ లాజిక్ అడగలేదు.

లోకం నిజం, ఒళ్లు మాయ

మన పాత కథల్లో నాయకుల ఒళ్లు మామూలు ఒళ్లే. ఇంద్రజిత్తు దెబ్బకి లక్ష్మణుడు మూర్ఛపోతే హనుమంతుడు కొండే మోసుకు రావలసి వచ్చింది. అభిమన్యుడు పదహారేళ్లకి పద్మవ్యూహంలో పోయాడు. కర్ణుడు కవచకుండలాలు కోసి ఇచ్చేసి చావుకి తలుపు తానే తీశాడు. సాక్షాత్తూ కృష్ణుడు పాదంలో దిగిన వేటగాడి బాణంతో అవతారం చాలించాడు.

పౌరాణిక సినిమా నడిచినన్నాళ్లూ స్టార్లకీ ఈ లెక్కే వర్తించింది. 1977 నాటి ‘దాన వీర శూర కర్ణ’లో ఎన్టీఆర్ కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు, మూడు వేషాలూ ఆయనే. ఆ మూడింట్లో రెండు వేషాలు తెర మీదే నేలకొరుగుతాయి. అభిమానులు అభ్యంతరం చెప్పలేదు, ఎందుకంటే ఆ చావులు సినిమావాళ్లు రాసినవి కావు.

మార్పు సాంఘిక యాక్షన్ సినిమాల్లో మెల్లగా వచ్చి, ఫ్యాక్షన్ సినిమాల్లో స్థిరపడింది. ‘సమరసింహారెడ్డి’ 1999లో, ‘నరసింహనాయుడు’ 2001లో వచ్చాయి. వాటిలో ఊళ్లు నిజమైనవి, సుమోలు నిజమైనవి, వేటకొడవళ్లు, నాటుబాంబులు నిజమైనవి. రాయలసీమలో ఆ ఆయుధాలతో మనుషులు నిజంగానే చచ్చారు. ఆ లోకం మధ్యలో నిలబడ్డ హీరో ఒళ్లు మాత్రం పురాణంలోది. ‘బాలనాగమ్మ’లో లోకమూ మాయే, ఒళ్లూ మాయే, రెండూ కుదిరాయి. ఇక్కడ కుదరలేదు. లాజిక్ అన్న మాట ప్రేక్షకుడి నోట పుట్టింది ఈ అతుకు దగ్గరే.

దాన్ని కప్పడానికి దర్శకులు నేపథ్య సంగీతం, డైలాగు, ఎలివేషన్ షాట్ వాడారు. బాగా వాడిన చోట అతుకు కనబడలేదు. తొడగొడితే రైలు వెనక్కి పోయిన చోట మాత్రం అతుకే మిగిలింది. ఆ ముక్క ఇరవై ఏళ్లుగా ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

చావొచ్చు, విలన్ చేతిలో మాత్రం కాదు

తెలుగు ప్రేక్షకుడు హీరో చావుని ఒప్పుకోడని ఇండస్ట్రీలో ఒక నమ్మకం ఉంది. అది సగమే నిజం. 1953లో దేవదాసు పార్వతి ఇంటి ముందు ప్రాణం వదిలాడు, ఆ సినిమా ఇప్పటికీ బతికే ఉంది. 1981లో ‘ప్రేమాభిషేకం’ హీరోకి క్యాన్సర్. 2019లో ‘జెర్సీ’ హీరో గుండె జబ్బు తెలిసే బ్యాటు పట్టాడు. 1974లో అల్లూరి సీతారామరాజు తెల్లవాళ్ల తూటాలకి ఒరిగాడు. అది 1924 మే 7న కొయ్యూరు దగ్గర చరిత్ర ఖాయం చేసిన చావు, దాన్ని మార్చే హక్కు ఎవరికీ లేదు.

ఈ చావులన్నీ పక్కపక్కన పెడితే ఒక గీత కనబడుతుంది. ప్రేమతో చావొచ్చు, జబ్బుతో చావొచ్చు, తెలిసి తెలిసి ప్రాణం ఇవ్వొచ్చు. ‘వేదం’లో ఆస్పత్రిలోని జనాన్ని కాపాడబోయి ఇద్దరు హీరోలు పోయారు, అదీ ఈ మూడోదే. నాలుగో రకం మాత్రం దాదాపు కనబడదు. ఎదురెదురుగా నిలబడి కొట్లాడి, విలన్ కంటే తక్కువ బలవంతుడై ఓడి చావడం.

‘మగధీర’లో కాలభైరవుడు వంద మందిని మట్టుబెట్టాక లోయలో పడిపోతున్న మిత్రవింద కోసం తానూ దూకుతాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత మళ్లీ పుడతాడు. పునర్జన్మ ఇక్కడ బాకీ వసూలుకి వచ్చిన రెండో విడత. తండ్రీ కొడుకుల ద్విపాత్రాభినయం చేసే పనీ అదే. తండ్రి చావు ఫ్లాష్‌బ్యాక్‌లో కన్నీళ్లు పెట్టిస్తుంది, అదే ముఖం ఉన్న కొడుకు క్లైమాక్స్‌లో లెక్క సరిచేస్తాడు. స్టార్ చచ్చాడు, చావలేదు కూడా.

దీనికి అన్నిటికంటే మంచి ఉదాహరణ బాహుబలి. 2015 జులై 10న మొదటి భాగం వచ్చినప్పట్నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా దేశమంతా అడిగిన ప్రశ్న ‘కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడు’ అని. ‘ఎలా చంపగలిగాడు’ అని ఎవరూ అడగలేదు. అమరేంద్ర బాహుబలిని ఎదురుగా నిలబడి ఎవరూ చంపలేరని చూసినవాళ్లకి మొదటి భాగంలోనే అర్థమైపోయింది. భల్లాలదేవుడి బలానికి ఆ పని సాధ్యం కాలేదు, మామా అని పిలిపించుకున్న మనిషి వెనక నుంచి పొడవాల్సి వచ్చింది. హిరణ్యకశిపుడి వరంలో గడప ఎలాంటిదో, ఇక్కడ నమ్మకం అలాంటిది. సందు అదే. రెండేళ్ల పాటు జనం మాట్లాడుకున్నది ఆ సందు గురించే.

సెకనుకి నాలుగు సెంటీమీటర్లు

ఇక శరీరం లెక్క. మామూలు 9 ఎంఎం పిస్తోలు తూటా బరువు 8 గ్రాములు, వేగం సెకనుకి 350 మీటర్లు అనుకుందాం. అది 70 కిలోల మనిషి ఒంట్లో దిగి ఆగిపోతే, ఆ తోపుకి అతను వెనక్కి కదిలే వేగం సెకనుకి 4 సెంటీమీటర్లు. ఎగిరి అద్దాలు పగలగొట్టుకుని అవతల పడటం జరిగే పని కాదు. అలా ఎగిరేంత తోపే ఉంటే, కాల్చినవాడు కూడా అంతే జోరుగా వెనక్కి ఎగిరి పడాలి.

పెద్ద మనిషి ఒంట్లో రక్తం సుమారు 5 లీటర్లు. అందులో 2 లీటర్ల దాకా పోతే బీపీ పడిపోయి మనిషి షాక్‌లోకి వెళ్తాడు. తొడలోని పెద్ద ధమని తెగితే ఆ పరిస్థితి రావడానికి నిమిషాలు చాలు. సినిమాల్లో అన్నిటికంటే సేఫ్ అనిపించే చోటు భుజం. హీరోకి తూటా అక్కడే తగులుతుంది, హీరోయిన్ చీర కొంగు చించి కట్టు కడుతుంది. నిజానికి భుజంలో చేతికి రక్తం తీసుకెళ్లే పెద్ద ధమనీ, చేతిని ఆడించే నరాల గుత్తీ ఉంటాయి. ప్రాణం దక్కినా ఆ చెయ్యి మళ్లీ పిడికిలి బిగిస్తుందన్న నమ్మకం లేదు. తల మీద దెబ్బ తిని గంటసేపు స్పృహ లేనివాడు లేచి దుమ్ము దులుపుకుని బయల్దేరడం అంతకంటే కష్టం. అది మెదడుకి గట్టి దెబ్బ తగిలిందనడానికి గుర్తు, స్కానింగ్‌కి తీసుకెళ్లాల్సిన కేసు.

సినిమాకి అనుకూలమైన నిజం ఒకటుంది. ప్రాణభయంలో ఒంట్లో అడ్రినలిన్ పెరిగి నొప్పి కాసేపు తెలియదు. యాక్సిడెంట్ అయిన మనిషి విరిగిన కాలితో నాలుగడుగులు వేసి అప్పుడు కూలబడటం ఊళ్లలో చూసినవాళ్లు చాలామంది ఉంటారు. తెర మీది హీరో ఆ నాలుగడుగుల్ని నాలుగు రీళ్లు చేస్తాడు.

అట్టపెట్టెల మీద పడే మనిషి

ఫైట్ సీన్ తీసే పద్ధతే హీరోని సగం అజేయుడిగా మార్చేస్తుంది. గుద్దు ముఖానికి కొన్ని అంగుళాల దూరంలోనే పోతుంది. కెమెరాని ఆ దూరం కనబడని కోణంలో పెడతారు, తగిలిన చప్పుడు తర్వాత కలుపుతారు. దెబ్బ తిన్న ఫైటర్ తల విసురు సరిగ్గా కుదిరితేనే ఆ గుద్దుకి బలం. అంటే హీరో బలాన్ని నటించేది దెబ్బలు తినే మనిషి.

నలభై మంది ఒక్కసారి మీద పడకుండా ఒకరి తర్వాత ఒకరు ఎందుకొస్తారన్న పాత ప్రశ్నకీ జవాబు ఇక్కడే ఉంది. ఒక్కో దెబ్బకీ ఒక్కో విసురు, ఒక్కో పడటం చూపించాలి. అందరూ కలిసి మీద పడితే కెమెరాకి వీపులు తప్ప ఏమీ దొరకవు. గాల్లోకి లేచేవాడి నడుముకి రోప్ ఉంటుంది, దాన్ని తర్వాత కంప్యూటర్‌లో చెరిపేస్తారు. ఎత్తు మీంచి పడేవాడి కింద ఫ్రేముకి ఆవల పరుపులో, పేర్చిన ఖాళీ అట్టపెట్టెలో ఉంటాయి. సెకనుకి 120 ఫ్రేములు తీసి 24 చొప్పున చూపిస్తే ఒక్క సెకను ఐదు సెకన్లవుతుంది. ఆ ఐదు సెకన్లలో వచ్చే కత్తిని హీరో తీరిగ్గా చూసి తప్పుకుంటున్నట్టు ఉంటుంది.

అట్టపెట్టెల మీద పడే ఆ ఫైటర్ ఒంటికి మాత్రం ఏ వరమూ లేదు. సెట్లో చిన్న తప్పు జరిగినా విరిగేది నిజం ఎముకే.

హిందీలో, హాలీవుడ్‌లో

తెర మీద చనిపోవడం స్టార్‌డమ్‌కి దెబ్బ అని ప్రతిచోటా అనుకోలేదు. 1975లోనే ‘దీవార్’లో, ‘షోలే’లో అమితాబ్ బచ్చన్ పాత్రలు చనిపోతాయి. 1978లో ‘ముకద్దర్ కా సికందర్’లోనూ అంతే. ఆ చావులతోనే ఆయన ఇంకా పెద్ద స్టార్ అయ్యాడు. 1982లో ‘కూలీ’ షూటింగ్‌లో ఒక ఫైట్ తీస్తుండగా ఆయన కడుపులో నిజంగానే గట్టి దెబ్బ తగిలింది, చావు దాకా వెళ్లి వచ్చాడు. కథ ప్రకారం పాత్ర చనిపోవాలి. దర్శకుడు మన్మోహన్ దేశాయ్ ముగింపు మార్చి బతికించాడు. మరుసటి ఏడాది విడుదలైన సినిమాలో దెబ్బ తగిలిన షాట్ దగ్గర బొమ్మ ఆగుతుంది, ఆయన గాయపడింది ఇక్కడేనని తెర మీద అక్షరాలు పడతాయి. నిజంగా చావు తప్పించుకున్న మనిషిని తెర మీద చంపితే జనం ఊరుకోరని దేశాయ్‌కి అర్థమైంది.

అమెరికన్ సినిమా చావని శరీరాన్ని ఎక్కువగా విలన్‌కే ఉంచింది. 1978 ‘హాలోవీన్’ చివర్లో ముసుగు హంతకుడు ఆరు తూటాలు తిని మేడ మీంచి పడతాడు. తొంగి చూస్తే అక్కడ గడ్డి తప్ప ఏమీ ఉండదు. ఆ ఖాళీ గడ్డిలోంచే దశాబ్దాల సీక్వెల్స్ పుట్టాయి. 1984 ‘టెర్మినేటర్’ యంత్రం కాబట్టి చావదు, దాన్ని ప్రెస్‌లో నలపాలి. 1991 నాటి ద్రవలోహపు విలన్ కరిగిన ఉక్కులో పడాలి. వింటుంటే అగ్రిమెంటులో క్లాజుల్లాగే ఉన్నాయి. ఇక సూపర్‌మ్యాన్‌కి ఏ దెబ్బా తగలకపోవడమే రాసేవాళ్లకి తలనొప్పి. క్రిప్టోనైట్ అనే రాయి 1943లో ఆయన రేడియో నాటకంలోకి వచ్చింది. హీరోకి వరం ఇచ్చినవాళ్లు సందు కూడా వెతుక్కోవాల్సి వచ్చిందన్నమాట.

ఖర్చు ఎవరి మీద పడుతోంది

షరతు లేని హీరో వల్ల మొదట నష్టపోయింది విలన్. ఏం చేసినా ఓడిపోతాడని పేర్లు పడకముందే తెలిసినప్పుడు, అతన్ని పెద్దవాడిగా చూపించడానికి మిగిలేది కేకలు, కోటలు, వెనక నిలబడే మనుషుల సంఖ్య. అందుకే పది మంది యాభై అయ్యారు, యాభై మంది రెండు వందలయ్యారు. ఎంతమంది పెరిగినా భయం పెరగదు. ఒకడి చేతిలో ఒక రహస్యం పెడితే పెరిగేంత కూడా పెరగదు. పాన్ ఇండియా లెక్కలు ఈ ఒత్తిడిని ఇంకా పెంచుతున్నాయి. రెండో భాగం ఉందని ముందే ప్రకటించిన సినిమాలో హీరో చావడని టిక్కెట్టు కొన్నప్పుడే తెలుసు.

ఇటీవలి కొన్ని సినిమాలు పాత దారి మళ్లీ పట్టాయి. 2024 సంక్రాంతికి వచ్చిన ‘హను-మాన్’లో హీరో శక్తి ఒక మణిలో ఉంది, ఎండ తగిలితేనే అది పనిచేస్తుంది. చీకటి పడితే మామూలు కుర్రాడే. అదే ఏడాది ‘కల్కి 2898 ఏడీ’ అశ్వత్థామని తెర మీదికి తెచ్చింది. ఏడుగురు చిరంజీవుల్లో ఆయన ఒకడు, కానీ భారతంలో ఆయనకి దక్కింది వరం కాదు. నుదుటి మణి ఊడబెరికించుకుని, మానని గాయాలతో మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగమని కృష్ణుడి శాపం. చావకపోవడాన్ని శిక్షగా చూపించిన కథ అది. మాస్ హీరో కథల్లో ఈ కోణం ఇంకా పెద్దగా ఎవరూ వాడుకోలేదు.

2012లో ‘ఈగ’ అందరికంటే వెనక్కి నడిచింది. హీరోని మొదటి అరగంటలోనే విలన్ చేతిలో చంపించింది. పైన చెప్పిన గీతని దాటిన అరుదైన సినిమా అది. తిరిగి పుట్టించిన ఒళ్లు కూడా ఎలాంటిది? గట్టిగా చప్పట్లు కొడితే చచ్చేది. ఆ హీరోకి శత్రువు రెండు వందల మంది రౌడీలు కాదు, మూసుకుపోయే కిటికీ, గాజు గ్లాసు, చుట్టిన న్యూస్‌పేపరు. విలన్ అరచెయ్యి పైకెత్తినప్పుడల్లా హాల్లో జనం ఊపిరి బిగబట్టారు.